ఆ రోజు నేను కూర్చోలేదు

మా అత్త పోయిన పన్నెండో రోజున భోజనాలయ్యాక, వైశాలి నగర్‌లోని మా ఇంటి ముందుగదిలో చుట్టాలందరూ చాపల మీద చేరగిలబడ్డారు. మా అమ్మాయి స్వాతి మళ్ళీ ఆ కథ ఎత్తుకుంది. ఎత్తుకుంటుందని నాకు తెలుసు. పెళ్ళికి వచ్చినవాళ్ళకైనా, గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకైనా ఆ కథ చెప్పకుండా వదిలిపెట్టే అలవాటు మా ఇంట్లో లేదు. ఇన్నాళ్ళూ అత్త చెప్పేది. ఆవిడ లేదు గనక ఆ పని మనవరాలు పుచ్చుకుంది. సగం తెలుగు, సగం హిందీ. "నాకప్పుడు రెండున్నరేళ్ళు. షిఫ్టు వదిలే టైము. నేను గేటు దాటి రోడ్డు వైపు భాగ్ గయీ. నానమ్మ వెనకాల దౌడు. నేను ఆగితే కదా. అప్పుడు అమ్మ ఏం చేసిందో తెలుసా? పరిగెట్టలేదు, అరవలేదు. సందులో నేల మీద ఆరామ్‌గా కూర్చుంది. బస్, నేను తిరిగి వచ్చేశాను." విన్నవాళ్ళు నావైపు తిరిగారు. పోలియో కాలున్న ఆడది ఆ క్షణంలో అంత నిబ్బరంగా ఎలా ఆలోచించిందా అని మెచ్చుకోలుగా చూశారు. పప్పుగిన్నె తీయాలంటూ నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. తీయాల్సిన గిన్నె ఏదీ లేదు.

ఆ కథలో ఒక తప్పుంది. ముప్పై ఏళ్ళు దాటినా దాన్ని నేను దిద్దలేదు. మొదట్లో భయం. దిద్దితే నా పిల్ల నా దగ్గర ఉండదనే భయం. తర్వాత అది అలవాటైపోయింది. పొగడ్త అంటే ఎవరికి చేదు. ఇప్పుడు భయపడాల్సింది లేదు, పొగడ్తలు తిని అరిగించుకునే వయసూ కాదు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇది రాయడం వల్ల నా గొప్ప కొంచెం తగ్గితే తగ్గనీ, అత్తది పెరుగుతుంది.

అత్త అంటే మొగుడి తల్లి మాత్రమే కాదు, మా నాన్నకి సొంత అక్క. పార్వతీపురం దగ్గర పల్లెటూళ్ళో నేను పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది ఆవిడే. ఏడాది నిండకముందే జ్వరమొచ్చి నా ఎడమకాలు చచ్చుబడిపోతే, ఆముదం రాసి నెలల తరబడి మర్దనా చేసిందీ ఆవిడే. ఈ హిందీ ఊళ్ళో ఉక్కు కార్ఖానాలో ఉద్యోగం వచ్చిన తన కొడుక్కి నన్ను చేసుకుంటానని ఆవిడే అంది. ఊళ్ళోవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నా లెక్కచెయ్యలేదు. కాబట్టి ఆవిడ నా శత్రువని ఎవరూ అనుకోకూడదు. నేను మాత్రం ఆవిడ మా ఇంటికొచ్చి ఉన్న ఆ పదిరోజులూ అలాగే అనుకున్నాను. నా కూతుర్ని నా దగ్గర్నుంచి తీసుకుపోవడానికి వచ్చిన మనిషిని ఇంకేమనుకుంటాను.

అప్పుడు మేము మరోదా సెక్టార్లో రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్ళం. ముందు చిన్న జాగా, ఇనప గేటు, వెనక పెరడు, పెరట్లో జామచెట్టు. గేటు దాటితే కంకర పరిచిన సందు, ఓ పాతిక అడుగులు వేస్తే సందు చివర పెద్దరోడ్డు. గాలి కార్ఖానా వైపు నుంచి వీచిన రోజున కాలిన బొగ్గు వాసన పాలగిన్నెలో కూడా చేరేది. తెల్లచీర ఉతికి ఆరేస్తే ఎర్రదుమ్ము పట్టి సాయంత్రానికి అది వేరే చీర. రోజుకి మూడుసార్లు షిఫ్టు సైరన్ మోగేది. మోగిన కాసేపటికి పెద్దరోడ్డు మీద సైకిళ్ళు, స్కూటర్లు, బస్సులు, వాటి మధ్య దారి కోసం హారన్ కొట్టుకుంటూ లారీలు. కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ రొద నాకు తిరణాలలా ఉండేది. పిల్ల పుట్టాక ఆ రొద వినిపిస్తే చాలు, కళ్ళు గేటు గడియ మీదకి పోయేవి.

నా కాలికి కాలిపర్ ఉండేది. తొడ నుంచి మడమ దాకా రెండు ఇనప కమ్మీలు, తోలుపట్టీలు, అడుగున బరువైన బూటు. మోకాలి దగ్గర చెరోపక్కా ఒక రింగు. లేవాలంటే ఆ రెండు రింగుల్నీ కిందికి జార్చాలి, అప్పుడు కాలు బిగుసుకుని నిలబడుతుంది. కూర్చోవాలంటే రెండింటినీ పైకి లాగాలి. ఒక రింగు పడి రెండోది పడకపోతే కాలు బాగానే ఉన్నట్టు నటిస్తుంది, నాలుగడుగులు వేశాక మోసం చేస్తుంది. ఇంట్లో ఉన్నంతసేపూ దాన్ని విప్పి మూలన పెట్టేసేదాన్ని. బావ, అంటే మా ఆయన, ఒక పీటకి నాలుగు బేరింగులు బిగించి ఇచ్చాడు. దానిమీద కూర్చుని చేతులతో నేలని తోసుకుంటూ రెండు గదులూ, వంటిల్లూ నిమిషంలో చుట్టబెట్టేదాన్ని. పొయ్యి, పప్పుల డబ్బాలు, బిందె, పిల్ల బట్టలు అన్నీ నేలకి జానెడెత్తులో. మా ఇంటికి వచ్చినవాళ్ళు ఉప్పు కోసం పైన అరల్లో వెతుక్కునేవాళ్ళు. మా ఇంట్లో పైన ఏమీ ఉండేది కాదు.

పసిపిల్లకి స్నానం పోసేటప్పుడు మన ఆడవాళ్ళందరూ కాళ్ళు చాపుకుని కూర్చునే పోస్తారు కదా, ఈ ఒక్క పనిలో నేనూ అందరితో సమానమే అనుకున్నాను. తీరా చూస్తే నా కుడికాలు మామూలు, ఎడమకాలు సన్నం. నూనె రాసిన పిల్ల పల్లంలోకి జారినట్టు ఎడమవైపుకి జారిపోయేది. రెండోరోజే పాత తువ్వాలు మడతపెట్టి ఎడమకాలి కింద దోపి, రెండు కాళ్ళనీ ఒక ఎత్తుకి తెచ్చాను. ఎత్తుకుని నడవలేను గనక పిల్లని ప్లాస్టిక్ టబ్బులో కూర్చోబెట్టి నా పీట ముందు తోసుకుంటూ పోయేదాన్ని. దానికి అదో బండి. అది నడక నేర్చాక అసలు చిక్కు వచ్చింది. వెంటపడి పట్టుకునే తల్లిని కాదు నేను. కాబట్టి ఒక్కటే నియమం పెట్టుకున్నాను. నేను పిల్ల దగ్గరికి వెళ్ళను, పిల్లే నా దగ్గరికి రావాలి. నేను కూర్చుంటే ఒడి ఉన్నట్టు. ఒడిలోకి వస్తేనే అన్నం, ఒడిలోకి వస్తేనే కథ, దెబ్బ తగిలితే ఊదడం కూడా ఒడిలోకి వచ్చాకే. బతిమాలేదాన్ని కాదు, రెండోసారి పిలిచేదాన్ని కూడా కాదు. నాలుగు నెలల్లో అది ఎంత పాఠం నేర్చుకుందంటే, నేను ఎక్కడ చతికిలబడినా, చేతిలో ఉన్నది పారేసి వచ్చి ఒళ్ళో కూర్చునేది. దుకాణం ముందు నేను చెప్పు సరిచేసుకోవడానికి కూర్చున్నా అంతే.

ఇంత చేసుకొస్తుంటే, ఒకరోజు నేను స్నానానికి వెళ్ళినప్పుడు స్వాతి ట్రంకుపెట్టె ఎక్కి పడింది. నుదుటిమీద రెండు కుట్లు. రెండుకాళ్ళున్న తల్లి కూడా స్నానానికి వెళ్తుంది, ఆవిడ పిల్ల కూడా పెట్టె ఎక్కి పడుతుంది. కానీ బావ బెంబేలెత్తిపోయి ఊరికి ఉత్తరం రాసేశాడు. రాసినట్టు నాకు చెప్పలేదు. వారం తిరక్కుండా అత్త దిగింది, చోడిపిండి, అదే రాగిపిండి సంచి, బెల్లం దిమ్మలు, ఒక కట్ట చుట్టలతో. కాళ్ళు కడుక్కోకముందే పిల్ల నుదురు తడిమి చూసింది. పెరట్లో జామచెట్టు కింద కూర్చుని చుట్ట వెలిగించి, నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని, మా వైపు ఆడవాళ్ళు అడ్డపొగ అంటారు దాన్ని, పూర్తయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత ఒక్కముక్కలో తేల్చేసింది.

"గుంటని నాను తీసుకెల్తాను. బడికెల్లే ఈడొచ్చీదాకా నాకాడ ఉంటాది."

"నా పిల్లని నేను పెంచుకోలేనా అత్తా?" అన్నాను.

"నిన్ను నువ్వు మోసుకోడమే కట్టంగుంటే, దాన్నేటి మోస్తావే. ఉయ్యాల్లో ఉన్నకాడి నించి సూత్తన్నాను, నీ కాలు నాకు తెల్దేటి? ఇయ్యాల నుదురు. రేపు కన్ను పోతే ఏటి సేస్తావు?"

బావ వైపు చూశాను. ఆయన గోడకున్న క్యాలెండరులో తన డ్యూటీలు చూసుకుంటున్నాడు. "అమ్మ చెప్పినదాంట్లో కూడా కొంచెం ఉంది కదే. నాకు ఛుట్టీ దొరకదు, సెలవు ఇవ్వరు. డ్యూటీలో ఉన్నానన్న మాటే గానీ, మనసంతా ఇక్కడే కొట్టుకుంటుంది," అన్నాడు, క్యాలెండరుతోనే. నాకు వచ్చిన కోపానికి పీట కాస్తా గోడకేసి కొట్టాలనిపించింది. కానీ కొడితే నడిచేది ఎలా. మూడురోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకపోయేసరికి, చివరికి అత్తే ఒక మెట్టు దిగింది. పదిరోజులుంటానంది. చూస్తానంది. పెంచగలవనిపిస్తే వదిలిపెట్టి వెళ్తాను, లేదంటే నాతో వస్తుంది, నువ్వు ఏడవకూడదు అంది. బావ వెళ్ళి విశాఖ బండికి అత్త పేరున టికెట్టు తీసుకొచ్చాడు. ఐదేళ్ళలోపు పిల్లలకి టికెట్టు అక్కర్లేదు. అందుకని ఆ ఒక్క టికెట్టును ఎన్నిసార్లు తిరగేసి చూసినా, నా పిల్ల ఉంటుందో పోతుందో అందులో తెలిసేది కాదు.

ఆ పదిరోజులూ నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, పీటని మంచం కిందికి తోసేసి పొద్దుట లేచిన దగ్గర్నుంచి కాలిపర్ తొడుక్కుని తిరగడం. అత్త ముందు నేలమీద పాకే ఆడదానిలా కనపడకూడదు. పొయ్యి బల్ల మీదికెక్కించి నిలబడి వండాలి, నిలబడి వడ్డించాలి. దాంతో రోజూ అరగంటలో చేసే పని గంటన్నర పట్టేది. తొడ దగ్గర తోలుపట్టీ ఒరుసుకుని పుండు పడింది. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో గరిటె, పిల్ల ఏడిస్తే దగ్గరికి పోవడానికి మూడో చెయ్యి లేదు. కూర్చుని ఉంటే రాణిలా పెంచుకునేదాన్ని, నిలబడి చేతగానిదాన్నయ్యాను. అత్త పెరటి గుమ్మంలో చుట్ట కాల్చుకుంటూ అన్నీ చూసేది. పాలు పొంగితే చూసింది. పిల్ల పిలిస్తే నేను తిరగడానికి ఎంతసేపు పడుతోందో చూసింది. ఏమీ అనేది కాదు. అనని మనిషితో వేగడం అనే మనిషితో వేగడం కన్నా కష్టం.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. అత్తకి పిల్లల చేత అన్నం తినిపించడమంటే గిన్నె పట్టుకుని వెనకాల పరిగెత్తడమే. తన పిల్లలందరినీ అలాగే పెంచింది. "ఇదిగో కాకొచ్చింది, ఇదిగో పిల్లి వచ్చింది" అంటూ ఇల్లంతా, పెరడంతా తిరిగి, మంచం చుట్టూ రెండు చుట్లు తిరిగి ఒక ముద్ద పెట్టేది. స్వాతికి పుట్టి బుద్ధెరిగాక ఎవరూ తరమలేదు. పారిపోతే ఎవరో ఒకరు వెంటపడతారన్న సంగతే దానికి కొత్త. ఎంత మజా వచ్చిందో ఏమో, నాలుగోరోజుకల్లా గిన్నె చప్పుడు వింటే పరుగు, నానమ్మ చెయ్యి చాపితే పరుగు. ఏడాదిపాటు నేను కట్టుకున్నది అంతా కళ్ళముందే ఊడిపోతోంది.

"అత్తా, దాని వెనకాల పరిగెత్తకు. ఆటనుకుంటుంది," అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"గుంటలు ఆడుకోక మరి ముసిలోల్లాడతారేటి. కాల్లున్నోల్లం పిల్లల ఎనక పరిగెట్టకపోతే ఈ కాల్లెందుకు," అంది. నన్ను పొడవాలని అనలేదు, ఆవిడ మాటే అంత. అయినా గుచ్చుకుంది. ఆ గుచ్చుకోవడంలో, వీధిలోకి పారిపోతే ఏమిటన్న అసలు మాట అడగడం మానేశాను. నా మొండితనం నాకు గుర్తుంది, అందులో నా తప్పు కూడా ఉంది.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం. బావ పొద్దుటి షిఫ్టుకి వెళ్ళాడు, రెండింటికి వదులుతారు. నేను ముందు మెట్టుమీద కూర్చుని, కాలిపర్ ఉన్న కాలు చాపుకుని తోటకూర బాగుచేస్తున్నాను. అత్త బొగ్గులపొయ్యి బూడిద బయట పోసి వచ్చి, గిన్నెలో పెరుగన్నం కలుపుకుని పిల్ల వెనకాల మొదలుపెట్టింది. ముందు జాగాలో ఒక చుట్టు తిరిగారు. రెండో చుట్టులో గేటు కిర్రుమంది. బూడిద పోసి వచ్చేటప్పుడు అత్త గడియ వేయలేదు. నేను తలెత్తేసరికి పిల్ల సందులో ఉంది. అప్పుడే సైరన్ మోగి ఎంతోసేపు కాలేదు. సందు చివర పెద్దరోడ్డు మీద సైకిళ్ళు బిలబిలమంటూ పోతున్నాయి, ఎక్కడో లారీ హారన్ ఆపకుండా కొడుతోంది. "ఆగే, ఓలమ్మ, ఆగే" అంటూ అత్త గిన్నెతో సహా వెనకాల పడింది. పిల్ల వెనక్కి తిరిగి చూసి, నానమ్మ వస్తోందని కిలకిలా నవ్వి ఇంకా జోరు పెంచింది. అత్త ఒక అడుగు వేస్తే అది రెండేస్తోంది. ఆవిడ ఎంత దగ్గరికి పోతే అది అంత రోడ్డుకి దగ్గరవుతోంది.

నేను లేచాను. లేచానంటే, రింగులు జార్చి, కర్ర పట్టుకుని, గేటు దాటాను. అంత వేగంగా జన్మలో ఎప్పుడూ లేవలేదు. పిల్లని పేరుపెట్టి పిలవాలనుకున్నాను, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నాలుగడుగులు వేశాను. కుడిపక్క రింగు పడింది, ఎడమపక్కది సగంలో ఉండిపోయింది. ఐదో అడుగుకి మోకాలు ముడుచుకుపోయింది. కర్ర ఒకవైపు, నేను ఒకవైపు. రెండు అరచేతులూ కంకరలోకి దిగాయి, ఆ మీదట ఒక పక్కకి ఒరిగి కూలబడ్డాను. ఇదీ జరిగింది. నేను కూర్చోలేదు. ఆలోచించలేదు. నిబ్బరం అన్నది నా దరిదాపుల్లో లేదు. నా పిల్ల లారీ కింద పడుతుంది, నేను ఇక్కడ పడి చూస్తాను, ఇంతే నా బుర్రలో ఉంది.

కర్ర పడ్డ చప్పుడుకో దేనికో స్వాతి వెనక్కి తిరిగింది. నానమ్మని దాటి అవతల ఉన్న నన్ను చూసింది. అమ్మ నేలమీద ఉంది. దానికి తెలిసిన లోకంలో అమ్మ నేలమీద ఉంటే ఒక్కటే అర్థం. గబగబా నానమ్మ చెయ్యి తప్పించుకుని, ఆవిడ పక్కనుంచే వెనక్కి పరిగెత్తుకొచ్చి, నా ఒళ్ళో సర్దుకుని కూర్చుని నోరు తెరిచింది, అన్నం పెట్టమని. దాని వెనకాల రోడ్డు మీద లారీ వెళ్ళిపోయింది. నేను పిల్లని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అది నొప్పెట్టి ఏడుపు మొదలుపెట్టింది. అత్త అక్కడే సందు మధ్యలో గిన్నె పట్టుకుని ఆయాసపడుతూ నిలబడి ఉంది.

ఎదురింటి సాహూ భాభీ గేటు దగ్గరికి పరుగున వచ్చింది. "అరే బహూ, గిర్ గయీ క్యా?" అంది. పడిపోయావా అని. అవునంటే ఇంక చెప్పేదేముంది, ఎల్లుండి బండికి నా పిల్ల వెళ్ళిపోతుంది. నేను నోరు తెరవకముందే అత్త తన వచ్చీరాని హిందీలో అంది, "గిరీ నై. బైఠీ. బచ్చీ కో బులానే కో బైఠీ." పడలేదు, కూర్చుంది, పిల్లని పిలవడానికి కూర్చుంది. భాభీ చెంపల మీద చేతులు పెట్టుకుని, ఎంత అకల్, ఎంత తెలివి అంటూ నన్ను పొగిడింది. అప్పుడు అత్త నాకు వీపు పెట్టి ముందు పరిగెడుతూ ఉంది. నేను పడ్డప్పుడు చూసి ఉండదు, తిరిగి చూసేసరికి నేలమీద ఉన్నాను, నిజంగానే కూర్చున్నాననుకుంది. అలా అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

అరచేతులు చీర కొంగులో దాచుకుని లోపలికి వెళ్ళాను. కంకర ముక్కలు లోపల ఉండిపోయాయి, రక్తం చుక్కలు చుక్కలుగా వస్తోంది. కడుక్కుంటే అత్త చూస్తుంది. చేతులు చూస్తే పడ్డానని తెలుస్తుంది. ఏమీ జరగనట్టు వంటింట్లో నిలబడి చింతపండు పిసికాను. ఆ పులుపు చీరుకుపోయిన చర్మంలోకి దిగుతుంటే కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. పక్కనే ఉల్లిపాయలు పెట్టుకున్నాను, ఎవరైనా అడిగితే చెప్పడానికి. కాసేపటికి బావ సైకిలు స్టాండు వేసిన చప్పుడయింది. గుమ్మంలోనే అత్త కథ మొదలుపెట్టింది. "నాను ఎంత పరిగెట్టినా గుంట దొరకనేదురా. ఇది సూడు, నెమ్మదిగా కూకుండిపోనాది. అంతే, ఎనక్కొచ్చీసింది." బావ వంటింటి గుమ్మం దాకా వచ్చి నన్ను చూశాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను అంత గౌరవంగా చూడటం అదే మొదలు. నాకు సంతోషం కలగలేదు. దొంగ సొమ్ము మూట నెత్తిన పెట్టుకున్నట్టనిపించింది.

ఇప్పుడు నేను పక్కచక్రాల స్కూటీ మీద బజారుకి వెళ్తాను. బ్యాంకు మెట్ల పక్కన వాలు కట్టారు, కాలిపర్ కూడా తేలికపాటిది వచ్చింది. స్వాతి కొడుక్కి మూడేళ్ళు. వాడు పడుకున్న గదిలో కెమెరా పెట్టి అది ఆఫీసు నుంచి ఫోన్లో చూసుకుంటుంది. ట్రంకుపెట్టెల్లేవు, నుదుటి కుట్లూ తక్కువే. నాలాంటి తల్లి కనిపిస్తే ఈ రోజుల్లో వేదిక మీదకి పిలిచి శాలువా కప్పుతారు. ఆ రోజుల్లో పిల్లని తీసుకుపోతామనేవాళ్ళు. మారిందని ఒప్పుకుంటాను, కానీ ఒక్క సంగతి మారలేదు. రెండుకాళ్ళున్న తల్లి పడితే అయ్యో దెబ్బ తగిలిందా అంటారు. నేను పడితే, మరి పిల్ల సంగతేమిటి అంటారు. శాలువా కప్పేవాళ్ళు కూడా నేను పడనని నమ్మే కప్పుతున్నారు. ఆ మధ్యాహ్నం చింతపండు గిన్నెలో చేతులు పెట్టుకుని నేను ఏడ్చింది మంటకి కాదు, దానికి.

ఆ రోజు సాయంత్రం ఇంకా వెలుతురుండగానే బావ పిల్లని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని అలా తిప్పుకొస్తానని తీసుకెళ్ళాడు. ఇంట్లో మేమిద్దరమే. అత్త జామచెట్టు కింద నుంచి పిలిచింది. వెళ్ళాను. మంచం కింద ఉండాల్సిన నా పీట అక్కడ ఆవిడ పక్కన ఉంది. ఎప్పుడు బయటికి తీసిందో. "ఆ ఇనప బూటు ఇప్పీసి కూకో," అంది. విప్పి పీటమీద కూర్చున్నాను. తొమ్మిదిరోజుల తర్వాత నడుముకి ప్రాణం వచ్చింది. ఆవిడ ఒళ్ళో పసుపు కలిపిన కొబ్బరినూనె గిన్నె, గుడ్డపేలికలు, సూది ఉన్నాయి.

"సేతులు సూపించు."

"ఏమీ లేదత్తా."

"సూపించమన్నాను."

ముందు కుడిచెయ్యి ఇచ్చాను. ఆవిడ దాన్ని వెలుతురు వైపు తిప్పి, చాలాసేపు చూసి, సూది మొనతో కంకర ముక్కలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. తీసినవన్నీ పక్కనున్న ఆకులో పెట్టింది. నాకు చేతినొప్పి తెలియడం లేదు. ఎల్లుండి బండి ఎన్నింటికి అని మాత్రమే లెక్కపెట్టుకుంటున్నాను.

"ఇంకెప్పుడైనా రొండు పక్కలా రింగులు సూసుకొని అప్పుడు నెగు," అంది తలెత్తకుండా. "ఒక పక్కదే పడ్డాది. నాను ఎనక్కి తిరిగి సూసినప్పుడే నువ్వు పడతన్నావు."

"మరి భాభీకి అలా ఎందుకు చెప్పావు? బావకి కూడా," అన్నాను.

"పడిపోనాదని సెప్తే జనం పడిపోడమే గుర్తెట్టుకుంటారు. పిల్ల ఎనక్కొచ్చిన సంగతి మర్సిపోతారు." ఇంకో ముక్క తీసి ఆకులో వేసింది. "నాను పరిగెడితే అది పారిపోనాది. నువ్వు పడితే తిరిగొచ్చింది. ఇంకేటి సూడాల నాను? ఎల్లుండి నానొక్కదాన్నే ఎల్తాను."

ఏడ్చాను. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. అత్త ఊరుకోమనలేదు. కుడి అరచేతికి పసుపునూనె రాసి, పేలిక చుట్టి, ముడి గట్టిగా బిగించి, రెండో చెయ్యి ఇటియ్యమంది.